రీడు తీసేసిన క్లారినెట్టు

నేను ఒక క్లారినెట్టుని. సన్నాయి చెల్లెలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నల్ల కర్రని తొలిచి, మీటలు బిగించి, ఐదు ముక్కలుగా చేశారు నన్ను. మూతి దగ్గర రెల్లుతో చెక్కిన పల్చటి రీడు కడతారు. కింది పెదవి దానికి ఆనించి, పై పళ్లు నా మూతి మీద నొక్కిపెట్టి ఊదితే రీడు అదురుతుంది, గొట్టంలో గాలి పాడుతుంది. చిల్లులు మూసేకొద్దీ గొంతు దిగుతుంది. వెనక బొటనవేలి మీట నొక్కితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంతే నా విద్య. మిగతాదంతా మీ పళ్ల పుణ్యం.

రేపల్లె బ్యాండు మేళంలో ఏసోబు నన్ను పదిహేనేళ్లు వాయించాడు. ఒకసారి లారీ దిగుతూ బోర్లా పడ్డాడు, ముందరి పై పళ్లు నాలుగూ ఊడాయి. పాపం అనుకోకండి, నేనైతే అనుకోలేదు. పట్టులేని ఆ నోట్లో బాతులా కీచుమన్నాను. మేళం యజమాని రత్నం మాస్టారు నా రీడు ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

"వరసలో మనిషి తగ్గితే పెళ్లివాళ్లు గొడవ చేస్తారు. ఊరికే నిలబడి వేళ్లాడించు ఏసోబూ. పాట సంగతి లాజరు చూసుకుంటాడు."

లాజరు మా రెండో క్లారినెట్టు. ఏసోబు సరేనన్నాడు, భార్య సంతోషమ్మకి మాత్రం చెప్పలేదు. మా ఆయన వాయిస్తే పెళ్లికే అందం అని ఆవిడ ఊరంతా చెప్పుకునేది.

మూడేళ్లకి వాళ్ల వీధిలోనే పెళ్లి తగిలింది. "వినండే, మా ఆయన!" అంటూ సంతోషమ్మ ఆడవాళ్లని వెంటేసుకొచ్చింది. సగం పాటలో లాజరుకి పొలమారింది. డ్రమ్ములూ ఆగాయి. ఏసోబు ఆగలేదు. కళ్లు మూసుకుని, బుగ్గలు పొంగించి, ఒక్క స్వరం తప్పకుండా వేళ్లు పరిగెత్తిస్తున్నాడు. నాలోంచి ఉత్త గాలి. జనం పగలబడి నవ్వారు. సంతోషమ్మ నవ్వలేదు. "ఎన్నాళ్లనించి?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయింది.

మర్నాడే మాస్టారు ఏసోబుని మాన్పించేశాడు. "పాట తెలిసినవాడితోనే తంటా. ఏమీ రానివాడైతే అందరూ ఆగినప్పుడు ఆగుతాడు" అన్నాడు. ఒట్టు, ఆ మాటలో తప్పేం లేదు. తాపీపని చేసే సుందర్రావుని పట్టుకొచ్చి నన్ను చేతిలో పెట్టాడు. అతను నన్ను వెనకది ముందుకి తిప్పి పట్టుకున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు.

ఏసోబు కనిపెట్టాడు. ఊరేగింపులో జనాన్ని తోసుకుంటూ వచ్చి, నన్ను సరిగ్గా తిప్పబోయాడు. మాస్టారు ఆ చేతిని విదిలించికొట్టాడు.

"జరుగు పెద్దాయనా, వాయించేవాళ్లకి అడ్డం రాకు."

ఏసోబు జరిగాడు. మేళం ముందుకి కదిలింది.