ఇత్తడి సీలు

ఓబళప్ప దొంగసారాతో పట్టుబడిన రోజు సాక్షి సంతకం పెట్టడానికి జిగణిలో మా వీధంతటికీ నేనొక్కదాన్నే దొరికాను. మగవాళ్ళందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. నాకూ భయమే. కానీ నా మొగుడు హనుమంతు ఆ సారా తాగి తాగి రక్తం కక్కుకున్నాడు. పక్కింట్లోనే అమ్ముతుంటే ఎవడు మానతాడు? ఓబళప్ప జైలుకు పోతే తప్ప నా మొగుడు నాకు దక్కడు.

సీసాలకు గుడ్డ చుట్టి, లక్క పోసి, ఇత్తడి సీలు గుద్దారు. తర్వాత సీలు నా చేతికిచ్చారు. అది పోలీసుల దగ్గరుంటే సీసాలు విప్పి మళ్ళీ మూయొచ్చట, అందుకని సాక్షి దగ్గర ఉంచుతారట. పోపులపెట్టెలో దాచాను.

రెండు రోజులకే కానిస్టేబుల్ యశ్వంత్ నా ఇడ్లీబండి దగ్గరికొచ్చాడు.

"నేత్రావతక్కా, స్టేషన్లో ఉండేది అదొక్కటే సీలు. ఇంకో కేసుకు కావల్ల."

"మళ్ళీ తెచ్చిస్తావా అప్పా?"

"ఇస్తానక్కా."

ఇచ్చేశాను. పోలీసు అడిగితే కాదనే మొనగాడెవడో చూపించండి. సీలు తిరిగి రాలేదు. సీసాలు ల్యాబుకు పోవడానికే ఏడాది దాటింది. జీపు లేదట, మనిషి లేడట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు, మా స్టేషన్ కంటే ఆ కుక్కలే నయం.

కేసు నడిచినన్నాళ్ళూ బెయిలు మీదున్న ఓబళప్ప భయపడి అమ్మకం ఆపాడు. హనుమంతు మెల్లగా మనిషయ్యాడు. పొద్దున్నే లేచి చట్నీకి కొబ్బరి కోరిపెట్టేవాడు.

కోర్టులో ఓబళప్ప లాయరు, సీలు ఎవరి దగ్గరుందని అడిగాడు. ఉన్నమాట చెప్పాను.

"సీసాలూ సీలూ అన్నాళ్ళూ స్టేషన్లోనే ఉన్నాయి. ల్యాబులో చూసింది ఆ రోజు పట్టుకున్న సారానేనని నమ్మేదెట్లా?" అన్నాడు లాయరు.

ఆలస్యమెందుకైందో స్టేషన్ వాళ్ళు చెప్పలేకపోయారు. జడ్జిగారు కేసు కొట్టేశారు. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

బస్సు దిగి వచ్చేసరికి ఓబళప్ప మనుషులు పక్కింటి ముందు సారా బల్లలు మళ్ళీ వేసి కడుగుతున్నారు. హనుమంతు మా గుమ్మంలో నిలబడి అటే చూస్తున్నాడు.

"కొట్టేసినారా?"

"ఊఁ."

లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు.

"నేత్రా, బయట గడియ పెట్టు. నేను ఎంత అరిచినా తియ్యొద్దు."

గడియ పెట్టి గుమ్మం ముందే కూర్చున్నాను. చీకటి పడకముందే తలుపు బాదడం మొదలుపెట్టాడు.