ఎటు తిప్పినా నొప్పే

నర్సమ్మ పెద్దాయన్ని కొడుతోందట. పక్కింటావిడ మేడమీద బట్టలారేస్తూ ఎదురింటావిడతో అన్నదట. ఎదురింటావిడ ఆ మాటని మందుల షాపు దగ్గర కనబడ్డ పెద్దాయన కూతురి చెవిన వేసింది. "గోడకి చెవి ఆనించి మరీ విన్నదట తల్లీ. పొద్దున్నా కొడుతుందట, మధ్యాహ్నమూ కొడుతుందట. నాకెందుకులే గానీ, ఎందుకైనా మంచిది, ఓ కన్నేసి ఉంచు."

కూతురు ఆ కబురు తెచ్చి నర్సమ్మ ముందు పెట్టింది. "నేను నమ్మలేదనుకోండి" అని కూడా అంది గానీ, ఆ మాట అనేటప్పుడు నర్సమ్మ మొహం చూడలేదు.

నర్సమ్మకి ఒళ్లు మండింది. ఈ కొలువులో ఇదొక్కటే తక్కువైంది. పెద్దాయన జీవితమంతా బస్సు తోలినవాడు, ఇంజను చప్పుడు మీద మాట్లాడి పెరిగిన గొంతు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆయన గుండె ఆపరేషన్‌ని తట్టుకోదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద చర్మం నలిగి పుండు పడుతుంది. తిప్పితే విరిగిన ఎముక కదులుతుంది, ఆయన వీధి అదిరేలా అరుస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో పట్టుకుని నెట్టే చేతులు మాత్రం నర్సమ్మవి.

"ఇంక తిప్పొద్దు సిస్టర్," అంది కూతురు. "పోయే ప్రాణానికి ఈ చిత్రహింస ఎందుకు? ఉన్న నాలుగు రోజులూ కదపకుండా పడుకోనివ్వండి."

"తిప్పకపోతే పుండు ఎముక దాకా తినేస్తుందన్నారుగా!" గుమ్మంలోనే ఆగి అన్నాడు కొడుకు. "అప్పుడు చూడగలవా అక్కా?"

"నువ్వు చెప్పకురా. తిప్పే టైముకి నీకు సిగరెట్టు గుర్తొస్తుంది."

"పోనీ నొప్పిమందు పెంచమందాం."

"పెంచారుగా మొన్న! రోజంతా గుర్రు. లేచి నన్నే 'ఎవరమ్మా నువ్వు' అన్నాడు. నాకొద్దు బాబూ ఆ మందు."

"మందు నీక్కాదు, నాన్నకి."

వీళ్లతో తెమిలేలా లేదని నర్సమ్మ డాక్టరుకి ఫోను చేసింది. "నొప్పి మరీ ఎక్కువైతే తిప్పకండి. అలాగని పుండు మాత్రం పడనివ్వకండి. మీరక్కడే ఉన్నారుగా, చూసుకోండి," అన్నాడాయన. పాము చావకూడదు, కర్రా విరక్కూడదు. ఆ మాట చెప్పడానికి అన్నేళ్లు చదవాలా! పుండు పడితే నర్సు పట్టించుకోలేదంటారు. పడకపోతే నర్సు కొట్టిందంటారు.

తిప్పే వేళ దాటిపోతోంది. నర్సమ్మ ఆయన నడుం కింద పరిచిన దుప్పటి అంచు పట్టుకుంది. కూతురు ఆమె మణికట్టు పట్టుకుంది.

"వదలండమ్మా."

"మీరు ముందు దుప్పటి వదలండి."

"అక్కా, ఆమె పని ఆమెని చెయ్యనీ!"

పెద్దాయన మీదుగానే ముగ్గురూ కేకలేసుకున్నారు, సంతలో గొడ్డుని మధ్యన నిలబెట్టి బేరమాడినట్టు. చివరికి నర్సమ్మే దుప్పటి విసిరికొట్టింది.

"నా వల్ల కాదు. ఆయన్నే అడుగుదాం. విరిగింది తుంటి, తెలివి కాదుగా!"

ఇన్నాళ్లూ ఆ ఆలోచనే ఎవరికీ తట్టలేదు, నర్సమ్మకీ తట్టలేదు. ఆమె మంచం మీదికి వంగింది.

"బాబాయ్‌గారూ, తిప్పితే నొప్పి, తిప్పకపోతే పుండు. ఏం చెయ్యమంటారు?"

"వద్దని చెప్పెయ్ నాన్నా," అంది కూతురు. "ఎవరూ ఏమీ అనుకోరు."

పెద్దాయన ఆమెని చూశాడు, గుమ్మంలో ఉన్న కొడుకుని చూశాడు.

"తిప్పండి."

"చూశావా, నేనేం చెప్పాను?" అన్నాడు కొడుకు.

"నువ్వాగు," అన్నాడు పెద్దాయన. "పుండు పడితే కంపు. కంపుంటే మీరెవరూ ఈ గదిలోకి రారు."