అడగకుండా ఇచ్చిన నీళ్ళు

అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని పద్మజ ఇంటికి వేల్జీ వచ్చి అరగంటయింది. ఇంతవరకు గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు. మూడింటికల్లా అతన్ని మ్యూజియం దగ్గర దించాలి. కచ్ కుట్టుపని ప్రదర్శనకి వచ్చిన తన ఊరివాళ్ళతో సాయంత్రమే విమానం ఎక్కేస్తాడు.

పోయిన డిసెంబరులో పద్మజావాళ్ళు కచ్ ఎడారి టూరుకి వెళ్ళినప్పుడు అతనే గైడు. గుండ్రటి మట్టి ఇళ్ళు, అద్దాలు కుట్టే ఆడవాళ్ళు, అన్నీ చూపించి మూడో రోజు ఉప్పు ఎడారిలోకి తీసుకెళ్ళాడు. కనుచూపుమేర తెలుపే. ఆ తెలుపు మధ్య పద్మజ కూతురు, పన్నెండేళ్ళ అనిక వాంతులు చేసుకుని సోలిపోయింది. వేల్జీ మిగతావాళ్ళని డ్రైవరుకి అప్పజెప్పి, వీళ్ళని తన ఇంటికి చేర్చి, పక్కూరి డాక్టర్ని బైక్ మీద ఎక్కించుకొచ్చాడు. వేల్జీ వాళ్ళమ్మ రెండు రోజులు పిల్ల మంచం వదల్లేదు.

ఆ ఇంటి మనిషి తన ఇంట్లో ఒక్క పూట కడుపునిండా తినాలి. పద్మజ కోరిక అంతే.

"టీ తీసుకుంటారా భాయ్? కాఫీ? మజ్జిగా? ఆపిల్ జ్యూస్ ఉంది, సోడా ఉంది," హిందీలో మళ్ళీ అడిగింది.

"ఏమీ వద్దు బెన్," అన్నాడు చెల్లెల్ని పిలిచినట్టు.

"పోనీ భోంచేస్తారా?"

"ఆకలి లేదు బెన్." చేతులు జోడించాడు.

"మొహమాటపడకు భాయ్," అన్నాడు ఆమె భర్త జితేందర్. "నిన్నటి సంది నన్నైతే ఫ్రిజ్ కూడ తెర్వనిస్తలేదు. నువ్వు తింటేనే నాకింత దొరుకుతది."

వేల్జీ నవ్వాడు గాని కదల్లేదు. పద్మజ వంటింట్లోకి వచ్చి, మూత పెట్టిన గిన్నెలవైపు చూస్తూ నిలబడింది.

"అమ్మా, వాళ్ళ హౌస్‌లో ఎవరూ ఆస్క్ చేయలేదు," అంది అనిక వెనకాలే వచ్చి. "జస్ట్ ఇచ్చారు."

అవును. గడప దాటుతుండగానే ఆ పెద్దావిడ ఇత్తడి లోటాతో నీళ్ళు చేతికిచ్చింది. వెనకే మజ్జిగ, సజ్జరొట్టె. కావాలా అని అడిగితే కావాలని చెప్పే మనిషెవరు? పద్మజ పెరిగిన ఇంట్లోనూ ఆ ప్రశ్న లేదు. ఈ దేశం వచ్చాక పదహారేళ్ళుగా ఇంటికొచ్చినవాళ్ళనల్లా ఏది పడుతుంది, ఏది పడదు అని అడిగీ అడిగీ ఆ సంగతే మరిచిపోయింది.

ఆమె కదిలేలోపే అనిక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తీసుకెళ్ళి, మాట్లాడకుండా, రెండు చేతులతో వేల్జీ ముందు పట్టింది. అతను పిల్ల మొహంలోకి చూశాడు. గ్లాసందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

పద్మజ ఇంకేమీ అడగలేదు. కంచం పెట్టింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పప్పు వడ్డించింది. అతను లేచి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. రొట్టె తుంచి చూసి, "మా అమ్మ ఇంతకన్నా మందంగా చేస్తుంది," అన్నాడు.

"ఇంకేం, వంక పెట్టిండంటే మనోడే!" అన్నాడు జితేందర్ తన కంచం లాక్కుంటూ.

మూడు రోజులుగా పద్మజ హిందీలో ఒక మాట కూర్చుకుని పెట్టుకుంది, మీరు లేకపోతే మా పిల్ల ఏమయ్యేదో అని. అది నోటిదాకా వచ్చింది. అంతలో అతని రొట్టె అయిపోవడం చూసి, ఇంకోటి తీసింది. "చాలు బెన్, చాలు!" అంటూ అతను కంచానికి చెయ్యడ్డం పెట్టాడు. ఆమె ఆ చెయ్యి పక్కనుంచే రొట్టె జారవిడిచింది.