ముసలి బేస్ మూలుగు

వాయిద్యాలు బాగుచేసే అక్క కొట్లోకి తమ్ముడు అడుగుపెడుతూనే "దాని జోలికి వెళ్ళలేదుగా?" అన్నాడు. నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట.

"దూరంనుంచి బాగుచేసే విద్య నాకు రాదురా," అంది అక్క, చేతిలో ఉలి కింద పెట్టకుండానే.

పెదనాన్న డబుల్ బేస్, మనిషెత్తు ఫిడేలులాంటిది, మూలకి ఆనించి ఉంది. ఆయన జీవితమంతా దాన్నే వాయించి, చివరికి శిష్యుడైన తమ్ముడి చేతిలో పెట్టి కన్నుమూశాడు. ఇప్పుడు దాని ముందు పలక తీగల ఒత్తిడికి కుంగుతోంది. లోపల ఆ పలకని మోసే సన్నటి దూలం ఒక కొసన ఊడిపోయింది. అతికించకపోతే పలక నిలువునా చీలుతుంది. అతికిస్తే మూలుగు పోతుందని తమ్ముడి గోల. లావు తీగ మీద కమాను లాగితే లోపల్నుంచి ఏదో మూలుగుతుంది. ఆ బేస్‌కి ప్రాణమే అదంటాడు తమ్ముడు.

"ఊడిన చెక్క చప్పుడురా అది. పంటినొప్పిని పట్టుకుని పాటంటావేంటి?"

"నీకు చెక్క తెలుసక్కా. వాయించడం తెలీదు."

అక్కకి ఒళ్ళు మండింది. చిన్నప్పట్నుంచీ పక్కగదిలో కూర్చుని ఈ బేస్ విన్నదే కదా. ఎంత గుర్తు చేసుకున్నా అందులో మూలుగు మాత్రం లేదు.

"వీధి అవతలకి పోయి నించో. రెండుసార్లు వాయిస్తా, మూలుగు ఎందులో ఉందో చెప్పు," అంది.

బేస్ ముందు పలకలో ఉన్న సందులోంచి కర్ర దూర్చి, ఊడిన కొసని బిరడాతో బిగించి ఒకసారి వాయించింది. బిరడా లాగేసి ఇంకోసారి. కమాను పట్టడం సరిగ్గా రాదు కాబట్టి రెండుసార్లూ గేదె అరిచినట్టే ఉంది.

తమ్ముడు గెలిచినవాడిలా వచ్చాడు. "మొదటిది బాగా మూలిగింది. రెండోదాన్ని చంపేశావు."

"బిగించింది మొదటిదాన్ని."

"లారీ అడ్డొచ్చింది. మళ్ళీ వాయించు."

మళ్ళీ తప్పే చెప్పాడు. ఆ తర్వాత రెండూ ఒకటేనన్నాడు. చివరికి బిరడా లాగేసిన బేస్‌ని తానే పొట్టకి ఆనించుకుని లావు తీగ లాగాడు. "ఇదిగో, ఇక్కడ తగుల్తోంది," అన్నాడు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని.

"అంటే నీ పొట్ట దాటి రావట్లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళెవరూ దీన్ని ఎప్పుడూ వినలేదురా."

"పెదనాన్న ఒక్కడే విన్నాడన్నమాట." కమాను దించి అన్నాడు, "ఇప్పుడు నేనొక్కణ్ణే. అందుకే వద్దంటున్నా."

అక్క తల పట్టుకుంది. పీడ వదుల్తుందని పెట్టిన పరీక్ష, ఉన్న పీటముడిని ఇంకా బిగించింది.

"పలక చీలితే నీకూ ఉండదు, వినేవాళ్ళకీ ఉండదు. అప్పుడు నా దగ్గరికి చెక్కముక్కలు మోసుకురా."

తమ్ముడు మళ్ళీ లావు తీగే లాగాడు, మెల్లగా. అక్క జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"అది కరిగేదాకా వాయించనా?"

"వాయించు. నేను వద్దంటే ఆగేవాడివా?"

జిగురు కరిగింది. "అయిందా?" అంది. "ఇంకొక్కసారి," అన్నాడు. ఆ ఒక్కసారీ ఎంతకీ తెమల్లేదు. గిన్నె అంచున జిగురు మీగడ కడుతుంటే అక్క పళ్ళు నూరుతూ నీళ్ళు కలిపింది.

కమాను ఆగింది. తీగలు అతనే వదులు చేశాడు. బేస్‌ని ఇద్దరూ కలిసి బల్లమీద పడుకోబెట్టారు. అక్క కుంచె తీసుకుని మోచేతిదాకా సందులోకి దూర్చింది.

"దీపం ఇలా పట్టు. కదపకు."

"కదపట్లేదు."

"కదుల్తోంది. కొస కనపడక చస్తున్నాను. రెండు చేతుల్తో పట్టుకో."

రెండు చేతుల్తో పట్టుకున్నాడు.