తీయమన్న మాట

పన్నెండో స్నాప్‌షాట్ తీయడానికి చిక్కన్న మౌసు మీద వేలు పెట్టేసరికి తెర మీద ఎర్రగీత వచ్చింది. డిస్కులో ఇంక రెండు శాతమే ఖాళీ.

రాయచెర్లు దగ్గరి సోలార్ పార్కు కంట్రోల్ రూములో నాలుగేళ్లుగా కూర్చుంటున్నాడతను. యాభై రెండేళ్లు. మెడ ముందుకు వంగింది. గోళ్లు ఇంకా రైతువే, మందంగా, పగిలి ఉంటాయి. కిటికీ అవతల ముప్పై ఏడో వరుస పలకల కింద ఉన్నది అతను వేరుశనగ వేసిన నేల. దాన్ని లీజుకిస్తే దొరికిన ఉద్యోగమిది. ఇది పోతే దున్నడానికి నేల లేదు. అందుకే చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, కొంత ద్వేషంతో, మరింత శ్రద్ధతో.

పార్కు కరెంటు వివరాలన్నీ సర్వరు లోపల నడిచే ఒక వర్చువల్ మెషిన్‌లో ఉంటాయి. అప్‌డేట్‌కు ముందు దాని స్థితిని పట్టి ఉంచేదే స్నాప్‌షాట్. అది ఇంజనీరు ధనంజయ తీసేవాడు. "అప్‌డేట్ అయినాక స్నాప్‌షాట్ తీయప్పా" అని చిక్కన్నకు చెప్పి ఉంచాడు. చిక్కన్న ప్రతిసారీ ఇంకొకటి తీశాడు. అవి పెరిగి డిస్కును మింగేశాయి.

ధనంజయ పావగడ నుంచి వస్తాడు. చిక్కన్న కొడుకంత వయసు. తెర చూడగానే గొంతు చించుకున్నాడు.

"ఎవురప్పా ఇన్ని తీసింది?"

"నేనే సార్. మీరే తీయమంటిరి."

"తీయమంటే పీకేయమని! బుర్ర ఉండాదా నీకు?"

"ఫోటో తీయమంటే పీకేయమనా సార్?"

మూల తుడుస్తున్న అంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పన్ను తీయమన్నా, ఫోటో తీయమన్నా ఒగటే మాట కదా సారూ" అని కిసుక్కున నవ్వింది.

ధనంజయ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వుకు చిక్కన్న భయపడ్డాడు. లోపలెక్కడో అది తియ్యగానూ ఉంది.

"ఆ ఫైళ్లన్నీ ఒకేసారి చెరిపేయి."

"అట్ల చేస్తే మిషన్ లేయదు సార్. పాతదాన్నుంచి ఒగొగటే కలుపుకుంటా రావల్ల."

"నువ్వా నాకు నేర్పేది!" అన్నాడు కానీ, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

తొలగించడమంటే చెరపడం కాదు. పట్టి ఉంచిన మార్పులు పాత డిస్కులో కలిసిపోతాయి. ఒకటి, రెండు, మూడు. శాతాలు పాకుతుంటే చిక్కన్న కళ్లార్పకుండా చూశాడు. తనకు జరిగిన అవమానాలేవీ ఇలా కలిసిపోలేదు. ఒక్కొక్కటీ తేదీతో సహా అలాగే ఉంది.

మధ్యాహ్నం మూడు గంటలకు చివరిది తొంభై తొమ్మిది దగ్గర నిలిచింది. కలపడం ముగిసేదాకా పాత ఫైళ్లూ ఉంటాయి కనుక ఖాళీ ఒక్క శాతానికి దిగింది.

"ఆగిపోయింది. క్యాన్సిల్ కొట్టు."

"నడస్తాండాది సార్. ఇప్పుడు ఆపితే మిషన్ పోతాది."

ధనంజయ చేయి చాపాడు. చిక్కన్న మౌసును అరచేత్తో కప్పాడు. ధనంజయ ఆ చేతి మీద కొట్టాడు. చేయి కదలలేదు. ఎవరి మాటా కాదనని ఆ చేయి చిక్కన్నకే పరాయిదానిలా కనిపించింది.

నలభై నిమిషాల తర్వాత జాబితా ఖాళీ అయింది. డిస్కులో సగం చోటు తేలింది. మెషిన్ నడుస్తూనే ఉంది, ఒక్క అంకె కూడా పోలేదు.

ధనంజయ పెద్దగా ఊపిరి వదిలాడు. తరువాత తెర వైపే చూస్తూ అన్నాడు.

"రేపట్నించి రావద్దు. కార్డు ఈడ పెట్టి పో."

"మిషన్ నిలబడె కదా సార్?"

"అందుకే చెప్తాండా. నువ్వే నిలబెట్టినావని ఊరంతా చెప్పుకుంటావు."

చిక్కన్న మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"యాడికన్నా? డూటీ ఇంకా కాలేదు కదా" అంది గుమ్మంలో అంజినమ్మ. అతను మండే ఎండలోకి దిగి, ముప్పై ఏడో వరుస పక్కగా, దానివైపు చూడకుండా గేటు దాటాడు.

కంట్రోల్ రూములో, ఏసీ చలికి వేసుకుని, ఆ నలభై నిమిషాల్లో చెమటపట్టి అతను విప్పేసిన బూడిదరంగు స్వెటరు కుర్చీ వీపుకు వేలాడుతోంది. మోచేతుల దగ్గర సాగిన దాని చేతులు ఇంకా బల్ల వైపు వంగి ఉన్నాయి.