నూట ముప్పై ఎనిమిది

విజయ్ పాల్ మొదటి అబద్ధం రాసింది ఒక మంగళవారం పొద్దున, బడికి బయల్దేరే ముందు. బీపీ మిషను మీద నూట అరవై ఎనిమిది కనబడింది. పుస్తకంలో నూట ముప్పై ఎనిమిది అని రాశాడు.

అతను నరసాపురంలో లెక్కల మాస్టారు. అక్క రెబెక్కా పెళ్లి మానుకుని, లేసులు అల్లి అతన్ని బీఈడీ దాకా చదివించింది. కిందటేడు ఆమెకి అండాశయం కేన్సరు బయటపడింది. ఆపరేషను, కీమో అయ్యాక రాజమండ్రి ఆసుపత్రిలో మూడు వారాలకోసారి ఇంజెక్షను మొదలుపెట్టారు.

డాక్టర్ శ్రీసత్య ముందే చెప్పింది. "గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుందండి ఈ మందు. రక్తం అందకపోతే గడ్డ ఎదగదు. కాకపోతే కిడ్నీల్లో సన్న నాళాలకీ దెబ్బ తగలొచ్చు. బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీను పోతుంది. రోజూ బీపీ చూసి రాయండి. నూట యాభై దాటితే నాకు ఫోన్ చెయ్యండి."

ఫోన్ చేస్తే ఇంజెక్షను ఆపేస్తారని అతని భయం. అంతకుముందు జ్వరమొచ్చి ఒకసారి రెండు వారాలు ఆలస్యమైతే, "ఈలోగా అది మళ్లీ లేస్తుందేమోరా" అంటూ రెబెక్కా సరిగ్గా అన్నం తినలేదు. బీపీదేముంది, తగ్గుతుందిలే అనుకున్నాడు. అంకెలు చూస్తే గుండె దడని ఆమె మిషను వైపు చూసేదే కాదు.

ఆ వారం ఆసుపత్రిలోనూ బీపీ ఎక్కువే ఉంది. నర్సు లోవలక్ష్మి అనుమానంగా చూస్తే అతను పుస్తకం తీసి చూపించాడు.

"బస్సులో నిలబడి వచ్చాం కదండీ, అలిసిపోయింది. ఇంటి దగ్గర బాగానే ఉంటుంది."

మూత్రం పరీక్షలో తేడా కొద్దిగానే ఉండటంతో, ఆ పుస్తకాన్ని నమ్మి ఇంజెక్షను ఇచ్చేశారు.

పది రోజులకి రెబెక్కా అడిగింది. "ఏంట్రా పాలూ, మూత్రం సబ్బునీళ్లలా నురగొస్తోంది?"

"బాత్రూమ్‌లో పోసిన లోషనుదై ఉంటుందక్కా."

తర్వాత పాదాలు ఉబ్బాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద సంచులు. వేళ్లు వాచి లేసు సూది పట్టు తప్పుతుంటే అతను ఇక ఆగలేక రాజమండ్రి తీసుకెళ్లాడు.

డాక్టరు రిపోర్టులు ఒకటికి రెండుసార్లు చూసింది. "ప్రోటీను విపరీతంగా పోతోందండి. కిడ్నీ పనితనం కూడా తగ్గింది. ఇంట్లో బీపీ మామూలుగానే ఉందంటున్నారు. ఇంత హఠాత్తుగా ముంచుకొచ్చిందంటే ఇంకేదో పెద్ద జబ్బేమోనని చూడాలి. కిడ్నీలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుదాం. లేకపోతే మీ మిషనే పాడైందా?"

అవునండీ, పాడైందండీ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. పక్కన అక్క, వాచిన చేత్తో చీర కొంగు నలుపుకుంటూ, "సూదంటే ఎక్కడ గుచ్చుతారండీ?" అని అడుగుతోంది.

"మిషను బాగానే ఉందండి," అన్నాడు విజయ్ పాల్. "అంకెలు నేనే తగ్గించి రాశాను. దాదాపు మూడు వారాల నుంచీ నూట అరవై, నూట డెబ్భై ఉంటోంది."

డాక్టరు కేకలెయ్యలేదు. "ముందే చెప్పుంటే కిందటి ఇంజెక్షను ఇచ్చేవాళ్లమే కాదు" అని మాత్రం అని, మందు ఆపేసి, బీపీ మాత్రలు రాసి, సూది పరీక్ష వారం వాయిదా వేసింది.

తిరుగు రైల్లో, పాలకొల్లు దాటాక రెబెక్కా అడిగింది.

"నేను పోతానని భయపడ్డావా?"

"అవునక్కా."

"నాకూ భయమేరా. కానీ ఒళ్లు నాది. నా ఒంట్లో ఏమవుతోందో నాకు తెలియకుండా చేశావు."

అతను ఏడ్చాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వారానికి వాపు కాస్త తగ్గుముఖం పట్టడంతో సూది అవసరం పడలేదు. పూర్తిగా దిగడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. కిడ్నీలు కొంతే కోలుకున్నాయి. కేన్సరుకి వేరే మాత్రలిచ్చారు, స్కానులో కొత్తగా ఏమీ కనబడలేదు. రెబెక్కా ఇప్పుడు బీపీ తానే చూసుకుంటోంది, దడ ఉన్నా సరే.

స్కాను రిపోర్టు వచ్చాక మొదటి ఆదివారం చర్చిలో పాస్టరుగారు, "తమ్ముడంటే మన మాస్టారిలా ఉండాలి. లేచి సాక్ష్యం చెప్పండి మాస్టారూ," అన్నారు. విజయ్ పాల్ లేవలేదు. రెబెక్కాయే నిలబడి దేవుడికీ, డాక్టరమ్మకీ వందనాలు చెప్పింది. తమ్ముడి మాటే ఎత్తకుండా కూర్చుంది. అందరి ముందూ తిట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేదేమో అనుకున్నాడు అతను.