నానబెట్టిన రంగూన్ స్టాంపు

ఆదివారం పొద్దున పీళమేడులో రంగరాజన్ ఇంట్లో కాపీ దిగకముందే స్టాంపులు నానేవి. ఆయన మిల్లు ఆఫీసులో తపాలా చూసే గుమాస్తా. వారమంతా చింపి తెచ్చిన కవరు ముక్కల్ని పెళ్లాం గోమతి చారు గిన్నెలో వేసి నీళ్లు పోసేవాడు. ఇంట్లో గిన్నెలకు కరువా? లేదు. ఆ గిన్నె అడుగు వెడల్పట, స్టాంపులు ఒకదానిమీదొకటి పడవట. ఛీ, అదొక శ్రద్ధ!

స్టాంపు కాగితాన్ని వదిలి పైకి తేలగానే, దాన్ని నాలుకతో తడిపి అంటించినవాడి నోటి వాసన గుప్పున లేచేది. ఆ ఊళ్లో ఎవరు నానబెట్టినా అంతే, కొత్తేం కాదు. బొంబాయి పత్తి వ్యాపారి జర్దా, ఉడుమలైపేట కమీషన్ ఏజెంటు సారాయి, ఎవరిదో మూడు రోజుల జ్వరం, అన్నీ కలిసి వంటింట్లో నిలబడిపోయేవి. గోమతి ముక్కుకు కొంగు కట్టుకుని ఇడ్లీ పిండి రుబ్బేది.

"ఊరోళ్ల ఎంగిలంతా నా చారు గిన్నెలోనేనా? మీకు రోత లేదా?" అనేది.

"ఇది చూడవే, అంచు పళ్లలో ఒక్కటి కూడా విరగలేదు," అని ఆయన తడి స్టాంపును చిన్న పట్టకారుతో ఎత్తి వెలుగుకు పట్టేవాడు. పన్నెండేళ్లప్పుడు పట్టిన పిచ్చి, నలభై దాటినా వదల్లేదు. సముద్రం మొహం చూడని మనిషికి ఆల్బం తెరిస్తే చాలు, కొలంబో, సింగపూర్, రంగూన్ అన్నీ వేలికిందే ఉండేవి. మొహం వెలిగిపోయేది. ఆ మొహంతో పెళ్లాం వైపు చూసిన రోజు మాత్రం ఒక్కటి లేదు.

ఆ గిన్నె దగ్గర ఇష్టంగా కూర్చునేది ఆయన చెల్లెలు సౌందరం ఒక్కతే. మొగుడు కృష్ణరాజ్ రంగూన్ పోయి ఐదేళ్లయింది, అప్పట్నుంచీ అన్న ఇంట్లోనే ఉంటోంది. మొదట్లో నెలకో జాబు చేత్తో రాసి పంపేవాడు. ఆ స్టాంపు నానితే పచ్చి ఉల్లిపాయ, చుట్ట కలిసిన కంపు. గోమతి ముక్కుకు కొంగు ఇంకో చుట్టు బిగించేది. సౌందరం కళ్లు మూసుకుని నిండా పీల్చేది. రెండేళ్లుగా ఆ జాబులూ లేవు.

ఒక ఆదివారం సౌందరం మరిది వీరరాఘవన్ కినత్తుకడవు నుంచి వచ్చాడు. చేతిలో రంగూన్ కవరు. అన్న చేతికి దెబ్బ తగిలిందట, అందుకని జాబు టైపు కొట్టించాడట. మీ నాయన నీ పేరున రాసిన కొబ్బరి తోపును తమ్ముడి పేరుకు మార్చు అని అందులో ఉంది. పత్రం కూడా సిద్ధం చేసుకునే వచ్చాడు మహానుభావుడు. కినత్తుకడవులో ఉన్న ఆ తోపు కాయలు తప్ప సౌందరానికి వేరే ఆధారం లేదు.

రంగరాజన్ జాబు చదవనే లేదు. స్టాంపు చూశాడు. తపాలా ముద్ర ఒక్క చుక్క కూడా పడని రంగూన్ స్టాంపు! సముద్రం దాటొచ్చిన కవరుమీద ముద్ర ఎందుకు లేదని అడగాల్సినవాడు, లేదని మురిసిపోయాడు. ఇలాంటి అన్న ఉంటే ఇక పగవాళ్లు దేనికి?

"మీకోసమే తెచ్చినాను బావా, పెట్టుకోండి," అన్నాడు వీరరాఘవన్.

రంగరాజన్ కవరు వదలకుండానే సంతకం చెయ్యమని చెల్లెలికి కలం ఇచ్చాడు. "మొగుడే చెప్పినాక ఏముందమ్మా? కైయెళుత్తు పెట్టెయ్."

"పెడతాను అణ్ణా. ముందు దాన్ని నానబెట్టు."

"వద్దమ్మా, కవరుతోనే ఉంచుకుంటా. ఇలాంటిది మళ్లీ దొరకదు."

"నానబెడితేనే పెడతా."

"ఎందుకు వదినె, రంగు పోతుంది," అని వీరరాఘవన్ నసిగాడు.

గోమతి వంటింట్లోకి పోయి, మొదటిసారి తన చేత్తోనే ఆ గిన్నె తెచ్చి నీళ్లు పోసింది. మొగుడి చేతిలోంచి కవరు లాక్కుని ముంచింది.

స్టాంపు తేలింది. లవంగనూనె, పొగాకు, వాటికింద చీము పట్టిన దవడపన్ను. పొద్దుట్నుంచీ ఆ కంపే ఎదురుగా కుర్చీలో కూర్చుని కాపీ తాగుతోంది. నానితే స్టాంపు నోటి వాసన చెబుతుందని వీరరాఘవన్‌కి తెలియదా? తెలుసు. ఒక అన్నం మెతుకు నలిపి అంటిస్తే సరిపోయేది. థూ, దొంగపనికి కూడా బద్ధకమే!

సౌందరం తలెత్తింది. "ఆయన ఏడీ తంబీ?"

వాడు చెప్పుల కోసం చూశాడు. గోమతి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పోయి ఏడాదిన్నర అయింది వదినె," అన్నాడు చివరికి. "కలరా. అక్కడినుంచి తిరిగొచ్చినాయన చెప్పినాడు. ఈ స్టాంపు ఆయన దగ్గర తీసుకున్నదే."

"ఏడాదిన్నరగా నేను కుంకుమ పెట్టుకుని ఎదురు చూస్తా ఉంటే, నువ్వు చూస్తా ఉండావా?"

సౌందరం పత్రాన్ని చించి వాడి చేతిలో పెట్టింది. "ఇకమీద తోపులో నేనుంటా. కాయ దింపేవాళ్లతో నేనే మాట్లాడుకుంటా. నీ నీడ ఆ పక్క పడకూడదు, పో."

వాడు పోయాక గోడకు ఆనుకుని కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. గోమతి ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

రంగరాజన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓదారుస్తాడని ఇద్దరూ అనుకున్నారు. ఆయన వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా సౌందరం, ఆ స్టాంపు మరి నేను పెట్టుకోనా?"

గోమతి లేచి మొహం కడుక్కుని, తన చీరలు రెండు మూట కట్టుకుంది. మధ్యాహ్నం కినత్తుకడవు బస్సులో రెండు టిక్కెట్లు ఆమే తీసుకుంది.